ఇద్దరికి పోసిన జిన్

అరకు వెళ్దామన్న ఆలోచన నాది కాదు, సలోమిది. రైలు టిక్కెట్లు తీసింది ఆమె. రిసార్టుకు ఫోన్లు చేసి గది ఖాయం చేసింది ఆమె. "స్వెట్టరు మర్చిపోకు, నీకసలే చలి" అని హెచ్చరించిందీ ఆమే. తీరా డిసెంబరు మొదట్లో ఒక ఉదయం విశాఖపట్నం స్టేషన్లో కిరండూల్ రైలు అద్దాల పెట్టె ఎక్కింది మాత్రం నేనొక్కదాన్నే.

మేమిద్దరం కాకినాడలో ఒకే జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాం. నాది వృక్షశాస్త్రం, ఆమెది రసాయనశాస్త్రం. నేను పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య ఇంట్లో మేడ మీద గదిలో ఉంటాను. సలోమి భర్త పోయి చాలా కాలమైంది. చర్చి, ఆ చర్చిలో స్త్రీల సమాజం ఆమెకు ఇల్లూ వాకిలీ.

మేం రిటైరైన ఏడాది నా పాత విద్యార్థి ఒకడు నన్ను చూడటానికొచ్చాడు. గోవాలో ఏదో చిన్న డిస్టిలరీలో పని చేస్తున్నాడట. "మీరు చెప్పిన మొక్కలే మేడమ్ ఇందులో ఉన్నవి" అంటూ ఒక జిన్ సీసా చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టాడు. వాడు వెళ్ళగానే సింకులో పారబోద్దామని మూత తీశాను. అప్పుడే వచ్చిన సలోమి నా చెయ్యి పట్టుకుంది.

"పారబోసే ముందు పరీక్ష చెయ్యాలి కదా. సైన్సు టీచర్లం" అంది.

అలా మొదలైంది. నెలకొక శనివారం మధ్యాహ్నం అన్నయ్యా వదినా కునుకు తీసే వేళకు మేడ మీద నా గదిలో చెరొక చిన్న గ్లాసు, నడుమ చేగోడీల పళ్ళెం. నేను వాసన చూసి అందులోని గింజలేమిటో, తొక్కలేమిటో చెప్పేదాన్ని. ఆమె వాటిని ఆవిరి పట్టి ఎలా దించి ఉంటారో చెప్పేది. పేపర్లో ఎక్కడో అరకులో ఇలాంటి జిన్ రుచి చూపించి, రకరకాలుగా కలిపి ఇస్తున్నారని చదివి, "మన ప్రాక్టికల్స్ పూర్తవ్వాలంటే అక్కడికి వెళ్ళాల్సిందే" అని తీర్మానించింది కూడా ఆమే.

మరి నేనొక్కదాన్నే ఎందుకు వెళ్ళాను? కొంచెం ముందుకు వెళ్ళాక చెబుతాను. అది దాచి ఈ ప్రయాణం గురించి రాయడం కుదరదు.

సొరంగాలు

కొత్తవలస, శృంగవరపుకోట దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఒక్కొక్క సొరంగంలోకి దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా గొంతు చించుకుని అరుస్తారు. మూడో సొరంగానికి పెద్దవాళ్ళు కూడా అందుకున్నారు. నా వరసలో విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. ఆ ఇల్లాలు చేసంచిలోంచి పులిహోర పొట్లం తీసి నాకూ ఒకటి ఇచ్చింది.

"ఒక్కలేనా అమ్మా?" అంది.

"ఇంకొకరు రావాలి. రాలేదు."

"అయ్యో! ఏటయింది?"

"ఒంట్లో బాలేదు" అన్నాను.

ఆ మాటతో ఆమె నా పక్క ఖాళీ సీటు వైపు చూసి, తన చిన్న కూతుర్ని అక్కడ కూర్చోబెట్టింది. ఆ గుంట నా కళ్ళజోడు అడిగి పెట్టుకుని బొర్రా గుహలదాకా దానితోనే కొండల్ని చూసింది. బొర్రాలో వాళ్ళంతా దిగిపోయారు. పెట్టె సగం ఖాళీ అయింది. తర్వాతి సొరంగంలో ఎవరూ అరవలేదు.

లోయ విచ్చుకునే చోట వలిసె పూలు ఇంకా ఉన్నాయి. నేల మీద పసుపు ఆరబోసినట్టు కొండ అంచుదాకా అదే రంగు. పిల్లలకు ముప్పై ఏళ్ళు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన మొక్క, ఇన్ని ఎకరాల్లో ఒక్కసారిగా చూడటం నాకిదే మొదలు. "చూడు" అనడానికి పక్కకు తిరిగాను. పులిహోర మెతుకులు మాత్రం ఉన్నాయి.

కాఫీ తోట అంచున

రిసార్టు అరకు ఊరికి కాస్త ఎడంగా, కాఫీ తోట అంచున ఉంది. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే ఎగబాకిన మిరియాల తీగలు. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. గుత్తి తుంచి ఒక పండు నోట్లో వేసుకుంటే పల్చటి తీపి తొక్క, లోపల జిగురు, ఆ లోపల గింజ.

మేనేజరు రిజిస్టరు చూసి, "ఇద్దరు కదా మేడమ్?" అన్నాడు. కాదన్నాను. అయినా గదిలో రెండు మంచాలు, రెండు తువ్వాళ్ళు, పడుకునే ముందు కాళ్ళ దగ్గర పెట్టుకోవడానికి రెండు వేణ్ణీళ్ళ సంచులు.

మధ్యాహ్నం భోజనంలో బొంగు చికెన్ అన్నారు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకదు. వెదురు బొంగులో కూరగాయలు కూరి కాల్చి ఇమ్మంటే వంటతను నవ్వి, "బొంగు వంకాయా మేడమ్? సేసిపెడతాను, ఎవులికీ సెప్పకండి" అన్నాడు. చేసిపెట్టాడు. చికెన్ రేటే వేశాడు, రెండు వందల యాభై. బొంగు చీల్చగానే లేచిన పచ్చి వెదురు పొగ వాసనకు ఆ డబ్బు ఎక్కువ అనిపించలేదు.

నాలుగు గంటలకు వరండాలో జిన్ రుచి చూపించే కార్యక్రమం. విశాఖ నుంచి వచ్చిన కుర్ర జంటలు ఉన్నాయి. మొదటి గ్లాసుతో ఫొటోలు తీసుకుని వాళ్ళు తోటలో ఉయ్యాలల వైపు వెళ్ళిపోయారు. బల్ల దగ్గర నేనూ, కలిపే అమ్మాయీ మిగిలాం. పేరు పార్వతి. ముప్పై ఏళ్ళుంటాయి. డుంబ్రిగుడ దగ్గర కొండ మీది ఊరు. విశాఖలో హోటలు కోర్సు చదివి, అక్కడ కొన్నాళ్ళు బార్లలో పనిచేసి వెనక్కి వచ్చేసిందట.

"ముందు ఏటీ కలపకుండా ఒక సుక్క నాలిక మీద ఏసుకోండి మేడమ్. బేగి మింగెయ్యొద్దు. ఉంచండి" అంది.

ఉంచాను. ముందు చల్లగా తగిలింది, ఆ వెంటనే మంట. మంట చల్లారాక, చిత్రిక పట్టిన దేవదారు చెక్క దగ్గర ముక్కు పెట్టినట్టు ఒక వాసన. అది జిన్‌కు అసలు వాసన ఇచ్చే జూనిపర్. దాని వెనక ధనియాలు. కూరలో వేగిన ధనియాల్లా కాదు, పచ్చివి నలిపితే నిమ్మకాయను తలపించే వాసన. ఆ తర్వాత నారింజ తొక్క. అన్నీ పోయాక నాలుక కొసన మిరియం.

వరసగా పైకే చెప్పేశాను. పార్వతి చేతిలో గరిటె ఆగిపోయింది.

"మా సారు వారం రోజులు నేర్పితే గానీ నాకు తెలీలేదు మేడమ్ ఇవి!"

నాకు పాఠం చెప్పే పూనకం వచ్చింది. జూనిపర్ పండు అని అందరూ అంటారు గానీ అది పండు కాదనీ, దేవదారు తరహా చెట్టు కాసే కండ పట్టిన కాయలాంటి శంకువనీ, ఆ చెట్లకు పూలే ఉండవనీ చెప్పాను.

"నేను గెస్టులందరికీ పండనే సెప్తన్నాను! రేపట్నుంచి మారుస్తాను" అంది.

అదే జిన్‌లో ఐసు నీళ్ళు పోస్తే తేటగా ఉన్నది కాస్తా పల్చగా పాలు కలిసినట్టయింది. "ఇదేటి మేడమ్, మబ్బేసినట్టు అయిపోద్ది?" అని అడిగింది. ఈ ప్రశ్న రెండేళ్ళ కిందట నేనూ అడిగాను. సలోమి గ్లాసు కిటికీ వెలుతురుకు పట్టి చెప్పిన జవాబే చెప్పాను. గింజల్లోని నూనెలు సారాలో కరిగి కనపడకుండా ఉంటాయి. చల్లటి నీళ్ళు పడగానే అక్కడ ఉండలేక బయటపడతాయి. జవాబు నాదే అయినట్టు చెప్పాను. పార్వతి మెచ్చుకోలుగా చూసింది. నాకే బాగా అనిపించలేదు.

రెండోదాంట్లో టానిక్ అనే చేదు సోడా కలిపింది. నారింజ తొక్కను అగ్గిపుల్ల మంట దగ్గర వంచి నొక్కితే తొక్కలోని నూనె చిటపటమని మండి, వరండా అంతా కమ్మటి వాసన వేసింది. దాన్ని గ్లాసు అంచుకు రాసి, పచ్చి మిరియాలు నాలుగు నలిపి వేసింది. ఒట్టి టానిక్ నీళ్ళు వాళ్ళమ్మకు ఒకసారి ఇచ్చిందట. "మలేరియా మాత్ర నీల్లల్లో కలిపి గెస్టులకి అమ్ముతన్నారా అని తిట్టింది మేడమ్." తల్లి మాట నిజమే. ఆ చేదు క్వినైన్‌దే. ఏజెన్సీలో జ్వరాలు చూసిన నాలుక దాన్ని మర్చిపోదు.

మూడోది ఎండబెట్టిన కాఫీ పండు తొక్కల పాకంతో. బెల్లమూ ఖర్జూరమూ కలిసినట్టుండే తీపి, జిన్ ఘాటుకు చక్కగా జోడీ కుదిరింది. ఈ మూడింటిలో ఎవరైనా ఒకటి మళ్ళీ ఇస్తానంటే నేనడిగేది ఇదే.

"నీకేది ఇష్టం?" అన్నాను.

"నేను తాగను మేడమ్. సర్చికి ఎల్తాను. వాసన సూసే కలుపుతాను."

మొదట్నుంచీ గమనిస్తున్నదే అప్పుడు అడిగాను. ప్రతిసారీ రెండు గ్లాసుల్లో ఎందుకు పోస్తున్నావని.

"ఇద్దరి పేర్లు రాసున్నాయి కదా మేడమ్. ఒకవేల ఆవిడ ఎనకాల వస్తారేమోనని" అంది.

నా ఎదుట మూడు నిండు గ్లాసులున్నాయి. ఐసు కరిగి అంచుదాకా వచ్చింది. చివరిగా నన్నారి పాకం ఉందా అని అడిగాను. ఉంది. ఒక వంతు జిన్, అర చెక్క నిమ్మరసం, చెంచాన్నర నన్నారి, పైన సోడా. ఇది సలోమి కొలత. పార్వతి కలిపి ఇచ్చింది. నా మేడగది రుచే వచ్చింది, తేడా లేకుండా. రెండు గుక్కల కన్నా దిగలేదు.

సంతలో తెగిన చెప్పు

మర్నాడు డుంబ్రిగుడ సంత. బల్ల మీదకు అల్లం, నిమ్మకాయలు కొనడానికి పార్వతి వెళ్తుంటే నేనూ జీపెక్కాను. మంచు తొమ్మిదింటికి గానీ విడవలేదు. సంతలో అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు, పసుపు కొమ్ములు, గంపల్లో చిన్న చిన్న నారింజలు. అల్లం కిలో అరవై. మా మార్కెట్లో దానికి రెట్టింపు పోసి కొంటాను, అదీ మట్టితో కలిపి. ఇక్కడ అమ్మే ఆడవాళ్ళు తూకం అయ్యాక ఒక గుప్పెడు అదనంగా వేసి, మన మొహం వైపు చూడకుండా తర్వాతి మనిషి వైపు తిరుగుతారు. బేరమాడటానికి నోరు తెరిచేసరికే బేరం అయిపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఇంటికి వెళ్దామంది పార్వతి. రోడ్డు దిగి పొలం గట్ల మీద అరగంట నడక. సగం దారిలో నా ఎడమ చెప్పు పట్టీ తెగింది. గట్టు మీద జారి, కోసిన చోళ్ళ చేను మోళ్ళలో కూర్చుండిపోయాను. పార్వతి నవ్వాపుకుంటూ లేవదీసింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఒట్టిది. అలాగే ఊళ్ళోకి నడిచాను.

వాళ్ళమ్మ పేరు చిలకమ్మ. నన్ను చూసీ చూడగానే తన రబ్బరు చెప్పులు విడిచి నా ముందుకు తోసింది. వద్దన్నాను. "నాకెందుకమ్మా, నాను ఈ రాల్ల మీదే పుట్టినాను" అంది.

వాకిట్లో ఆరేడుగురు గుండ్రంగా కూర్చున్నారు. ఆడా మగా కలిసే. నడుమ కుండలో జీలుగు కల్లు. జీలుగు చెట్టంటే చేప తోకలాంటి ఆకులున్న తాటి జాతి చెట్టు. ఇంటి వెనకే ఉంది, దానికి వెదురు నిచ్చెన వేసి ఉంది. ఎండిన సొరకాయ బుర్రతో ముంచి ఆకు దొన్నెల్లో పోస్తున్నారు. చిలకమ్మ వయసు నా వయసే ఉంటుంది. అందరి ముందూ కొడుకు వరసవాళ్ళతో, అల్లుడితో కలిసి తాగుతూ, మధ్యలో కోడల్ని పిలిచి చంటిదానికి పాలు పట్టమంటూ, ఆ పనుల్లో అదొక పనిగా కూర్చుంది. పార్వతి తను ముట్టుకోలేదు గానీ తల్లి దొన్నె ఖాళీ అయినప్పుడల్లా నింపింది. నేను మాత్రం రెండేళ్ళు బీరువాలో, ఎండబెట్టిన మొక్కల అట్టల వెనక సీసా దాచి, నెలకు రెండు చెంచాలు తాగిన మనిషిని. తాగాక నోట్లో యాలక్కాయ వేసుకుని కిందికి దిగేదాన్ని.

దొన్నె అందుకున్నాను. తియ్యగా, పుల్లగా, కొంచెం పొంగుతూ ఉంది. పులవడం అప్పుడే మొదలైన వాసన.

"ఇద్దరు వస్తారని మా గుంట సెప్పింది. నీ జతమనిసి ఏదమ్మా?" అని అడిగింది చిలకమ్మ.

ఒంట్లో బాలేదు అనబోయాను. "నాతో మాట్లాడటం లేదు" అన్నాను.

"అవునా" అని మళ్ళీ బుర్ర ముంచింది.

గట్టు మీద చెప్పినది

వెనక్కి నడుస్తూ పార్వతికి చెప్పేశాను. రెండు రోజుల్లో ఆమెతో మాట్లాడినంత నేను నాలుగు నెలల్లో ఎవరితోనూ మాట్లాడలేదు. దాంతో చెప్పడం తేలికనిపించింది.

శ్రావణమాసంలో వదిన నా గది దులిపిస్తూ బీరువా తెరిచింది. సీసా దొరికింది, సగం ఖాళీ. అన్నయ్యను కేకేసింది. నేను స్నానం చేసి వచ్చేసరికి ఇద్దరూ గది మధ్యలో నిలబడి ఉన్నారు, వదిన చేతిలో సీసా. "ఏమిటిది విమలా?" అన్నాడు అన్నయ్య.

"అది సలోమిది. దాచమని ఇచ్చింది" అన్నాను.

ఆలోచించుకునే వ్యవధి కూడా తీసుకోలేదు. వదిన ఆ మాట జాకెట్లు కుట్టే ఆమెతో అంది. ఆమెదీ సలోమి వెళ్ళే చర్చే. స్త్రీల సమాజానికి సలోమి పదకొండేళ్ళుగా కార్యదర్శి. కొన్నాళ్ళు పక్కన ఉండమని ఆమెకు మర్యాదగానే చెప్పారట. అలా చెప్పిన సాయంత్రమే సలోమి నాకు ఫోన్ చేసింది. "నేను దాచమని ఇచ్చానట కదా" అంది. నేను ఊరుకున్నాను. "సరే. అరకుకు డబ్బు కట్టేశాం. నువ్వు వెళ్ళిరా" అని పెట్టేసింది.

పార్వతి అంతా విన్నది. గట్టు చివర ఆగి నా వైపు తిరిగింది.

"మీ స్టూడెంట్ ఇచ్చినాడని సెప్పొచ్చు కదా మేడమ్. నిజమే కదా అది. ఆవిడ పేరే ఎందుకు సెప్పినారు?"

"తోచలేదు" అన్నాను.

ఆమె గబగబా ముందుకు నడిచింది. ఆ నడకను అందుకోవడం నా వల్ల కాలేదు. రోడ్డు వచ్చేదాకా ఆమె వీపే చూస్తూ నడిచాను. జీపులో డ్రైవరు పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం రెండో విడత రుచులు. బల్ల దగ్గర వేరే అతను ఉన్నాడు. పార్వతి లేదా అంటే, తలనొప్పని చెప్పిందన్నాడు. అతను చిలికిన గుడ్డు తెల్లసొనతో ఒకటి చేస్తానన్నాడు. వద్దని గదికి వచ్చేశాను. ఎదుటి మంచం మీద దుప్పటి మడత విప్పకుండా ఉంది. దాని మీద చిలకమ్మ చెప్పులు కాగితంలో చుట్టి పెట్టి, అవి ఎలా తిరిగి పంపాలా అనుకుంటూ పడుకున్నాను.

పొద్దున్న గేటు దగ్గర ఆటో ఎక్కబోతుంటే పార్వతి వచ్చింది. చెప్పుల పొట్లం అందుకుంది.

"నేను ఈ బార్లో సేరినప్పుడు, తాగేసి ప్రార్థనకి వస్తాదని సర్చిలో ఎవులో అన్నారు మేడమ్. ఆరు నెల్లు ఒక్కలు కూడా నా పక్కన కూకోలేదు. ఇంటింటికీ ఎల్లి, నా నోరు వాసన సూడండి అని అడిగినాను." ఆమె గొంతు పెరగలేదు. "నిన్న మీరు సెప్తుంటే ఆవిడ ఎలాగుందో అనిపించింది. నాకు సెప్తే ఏటొస్తాది మేడమ్? ఆల్లకి సెప్పండి."

ఆటో కదిలాక వెనక్కి చూశాను. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

గూడెం కొత్తవీధి

అసలు అనుకున్న ప్రకారం పాడేరు, చింతపల్లి మీదుగా గూడెం కొత్తవీధి వెళ్ళాలి. అక్కడ కాఫీ గింజలు కడిగి ఆరబెట్టడం చూడాలని సలోమి పట్టు. మానేద్దామా అనుకుంటూనే బస్సెక్కాను. ఘాటు రోడ్డు మలుపుల్లో బస్సు ఒరిగినప్పుడల్లా పైన పెట్టిన గంపలోంచి ఎవరివో నారింజలు దొర్లి నా ఒళ్ళో పడుతున్నాయి. ఏరి వెనక్కి ఇస్తుంటే ఆ ముసలాయన ప్రతిసారీ "ఉంచుకోండి" అంటాడు. దిగేసరికి నా సంచిలో ఐదు ఉన్నాయి.

గూడెంలో ఇళ్ళ ముందు, రోడ్డు వారన, పట్టా పరవడానికి ఎక్కడ చోటు దొరికితే అక్కడ కాఫీ గింజలు ఆరుతున్నాయి. కాఫీకి పేరుపడ్డ మన్యంలో టీ కొట్లోనే కూర్చున్నాను. ఆ కొట్టావిడను కాఫీ లేదా అని అడిగితే, "అదంతా లారీ ఎక్కిపోద్దమ్మా, మాకు టీయే" అంది. పది రూపాయల టీ, వేడి పకోడీ. చుట్టూ బల్లల మీద మనుషులు నాకు అర్థం కాని భాషలో మాట్లాడుకుంటున్నారు. ఆ మాటల మధ్య కూర్చుంటే, నేనేం మాట్లాడినా ఎవరికీ పట్టదనిపించింది. బస్సు ఆగే చోటే సిగ్నల్ వస్తుందన్నారు. అక్కడికెళ్ళి వదినకు ఫోన్ చేశాను. వృక్షశాస్త్రం లెక్చరర్ల బృందంతో వెళ్తున్నానని ఆమెకు చెప్పి వచ్చాను. అదీ అబద్ధమే.

"వదినా, ఆ సీసా నాది. సలోమిది కాదు" అన్నాను.

అటువైపు కుక్కరు కూత వినిపించింది. స్టవ్ కట్టేసినట్టుంది.

"నాకు తెలుసు విమలా."

"తెలుసా?"

"రెండేళ్ళుగా నీ గదిలో యాలకుల వాసన. తెలియకేం?"

"మరి తెలిసీ ఆమె పేరు బయట ఎందుకు చెప్పావు?"

"ఏం చెయ్యమంటావ్? మీ అన్నయ్య అక్కడే నిలబడ్డారు. నువ్వొక పేరు చెప్పావు. నేను నమ్మాను. ఇల్లు నిలబడింది. ఇప్పుడెందుకు తవ్వుతావు? చలిగా ఉందేమో, చెవులకు మఫ్లరు కట్టుకో."

ఫోన్ సంచిలో వేసుకున్నాను. నా అబద్ధాన్ని ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ నమ్మనే లేదు. అందరికీ అది పనికొచ్చింది, అంతే. చూడాల్సినవి చూడలేదు. మర్నాటి మొదటి బస్సుకు కొండ దిగిపోయాను.

కాకినాడ

యాత్ర అరకుతో అయిపోయిందనుకునేవాళ్ళు ఇక్కడ ఆపవచ్చు. నాకు మాత్రం అన్నిటికన్నా దూరమైన మజిలీ మా ఇంటికి రెండు కిలోమీటర్లలో ఉన్న ఆ చర్చి హాలు.

పాస్టరుగారి భార్యను అక్కడ అమ్మగారంటారు. ఆమెను అనుమతి అడిగి, స్త్రీల సమాజం కూడే రోజున వెళ్ళాను. క్రిస్మస్ దగ్గర పడింది. ఇరవైమంది దాకా ఆడవాళ్ళు బల్లల చుట్టూ కూర్చుని రంగు కాగితాలతో నక్షత్రాలు అతుకుతున్నారు. సలోమి వెనక వరసలో కత్తెర పట్టుకుని ఉంది. నన్ను చూసి తల దించుకుంది.

తరగతి గదిలో నిలబడ్డట్టే బల్లల ముందు నిలబడ్డాను. "మా ఇంట్లో దొరికిన సీసా నాది. భయపడి సలోమి మీద పెట్టాను. అది అబద్ధం. మీ అందరికీ ఆ మాట చెప్పడానికి వచ్చాను" అన్నాను. కత్తెరలు ఆగాయి.

ముందు వరసలో ఒక పెద్దావిడ మెల్లగా అడిగింది. "అంటే, సలోమి తాగలేదంటావా అమ్మా?"

దీనికి సిద్ధపడి రాలేదు నేను. తాగలేదంటే ఇంకో అబద్ధం. తాగిందంటే వచ్చిన పనికి అర్థం లేదు.

వెనక కుర్చీ జరిగింది. సలోమి లేచి నిలబడింది.

"తాగాను. రెండేళ్ళు, నెలకొకసారి. సీసా మాత్రం నాది కాదు" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు. సలోమి కత్తెర బల్ల మీద పెట్టి, సంచి భుజానికి తగిలించుకుని బయటికి నడిచింది. వెంట పరిగెత్తాను. బస్‌స్టాపు దగ్గర అందుకున్నాను.

ఆమె రోడ్డు వైపు తిరిగింది. "వచ్చి చెప్పావు. అది తేలిక కాదని నాకు తెలుసు" అంది.

"సలోమీ, నన్ను..."

"ఆగు. నేనొకటి అడుగుతాను. నా పేరు చెప్పగానే మీ వదిన, 'వాళ్ళలో అది మామూలేలే' అని ఉంటుంది. అందా?"

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ మాట అంటారని నీకూ తెలుసు. అందుకే నా పేరు వచ్చింది నీ నోట్లోకి. ఇంకెవరి పేరు చెప్పినా నమ్మరు కదా." అప్పుడు నా కళ్ళలోకి చూసింది. "ఆమె ఆ మాట అన్నప్పుడు నువ్వేమన్నావ్ విమలా?"

పార్వతి అడిగినప్పుడు తోచలేదన్నాను. ఈసారి అలా అనలేకపోయాను.

"ఏమీ అనలేదు" అన్నాను.

తల ఊపింది. బస్సొచ్చింది. ఎక్కింది.

ఆ తర్వాత ఆమె నాకు ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే మాత్రం ఎత్తుతోంది. "చెప్పు" అంటుంది. మిగతా విషయాలేవీ నా నోటికి రావు. అందుకని అరకు గురించి చెబుతాను. ఒక రోజు వలిసె పూలు, ఒక రోజు జీలుగు కల్లు, ఒక రోజు బస్సులో దొర్లిన నారింజలు. ఆమె వింటుంది. ప్రశ్న అడగదు, నవ్వదు, పెట్టేయదు. నేను ఆగిపోయాక "సరే మరి" అంటుంది. రోజుకు కొంచెం చొప్పున ఇప్పటికి గూడెం ఘాటు దాకా వచ్చాను, వదినకు ఫోన్ చేసిన చోటికి ఇంకా రాలేదు.